మునుంలో ఒక మనిషి తక్కువ

"ఒక్క మనిషి కావాలె బిడ్డా," అంది అవ్వ ఫోన్‌లో. "రెండు కాళ్లు, రెండు చేతులున్న మనిషి. ఎవరైనా మంచిదే."

నేనప్పుడు మంచి కోపంలో ఉన్నాను. ఆ వారమే ఉద్యోగం వదిలేశాను. ఇళ్లకు తిండి చేరవేసే ఒక యాప్‌లో కస్టమర్ల తిట్లకు చాటింగ్‌లో జవాబులిచ్చే పని. టీమ్ లీడర్ అందరి ముందూ నన్నొక మాట అన్నాడు, నేను నాలుగు అన్నాను, మెడలోని ఐడీ కార్డు తీసి బల్ల మీద విసిరి బయటికొచ్చాను. ఇంట్లో గోడకానుకుని ఫోన్ చూసుకుంటూ, అమ్మ పలకరిస్తే కసురుకుంటూ ఉన్నాను. ఊరి నుంచి అవ్వ ఫోన్ వచ్చింది అప్పుడే.

అవ్వ మా బాపు తల్లి. మహబూబ్‌నగర్ అవతల ఊళ్లో ఉంటుంది. పట్నం రమ్మంటే "ఆడ నాకేం పనున్నది" అంటుంది. తన మడిలో నాట్లు అయిపోయిన సాయంత్రం గట్టు మీంచి జారి కాలు విరగ్గొట్టుకుంది. కాలు సంగతి రెండే ముక్కల్లో చెప్పి మనిషి సంగతికి వచ్చేసింది. పక్క పొలం చిన్నమ్మ మొన్న అవ్వ మడిలో నాటు వేసింది. ఇప్పుడు చిన్నమ్మ మడికి నాట్లు. కాబట్టి మా ఇంటి నుంచి ఒకరు ఆ మడిలోకి దిగాలి. ఇవాళ నా మడిలో నువ్వు, రేపు నీ మడిలో నేను. మా ఊళ్లో దాన్ని బదులుకు పోవడం అంటారు.

"కూలి మనిషిని పెట్టు అవ్వా. పైసలు ఇప్పుడే ఫోన్ల కొడ్త," అన్నాను.

"పైసలకు మనుషులు దొరికితే నీకెందుకు ఫోన్ జేస్తనే?"

బాపు ఒక అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్. సెలవు అడిగితే ఇంకొకర్ని పెట్టుకుంటారు. అమ్మ ఒక ప్రైవేటు బడిలో ఆయా. మేనత్తల పిల్లలంతా ఎవరి ఉద్యోగాల్లో వాళ్లు. అవ్వ ఆరుగురిని కన్నది. ఆమె పిల్లలు ఒకరినో ఇద్దరినో కని ఆపరేషన్ చేయించుకున్నారు. బాపు వాటాకు నేనొక్కదాన్ని. అవ్వ పిల్లల లెక్క ఎటు తిప్పినా చివరికి ఖాళీగా కూర్చుని కనపడేది నేనే.

"పో బిడ్డా," అన్నాడు బాపు. "నీ కోపం గూడ జర సల్లారుతది."

"నాకు నాటెయ్య రాదు!"

"నాకు మాత్రం వచ్చునా? నేను పుట్టింది పొలంల గాదు, పుణె దగ్గర బిల్డింగ్ కాడ. అమ్మ ఇటుకలు మోస్తుంటే నేను ఇసుక కుప్ప మీద ఆడుకున్న. మా కాలంల ఇంటినిండ మనుషులుండె, మడిల సుక్క నీళ్లు లేకుండె. ఇప్పుడు కాల్వ నిండ నీళ్లు పారుతున్నయి, దిగెటోడు లేడు." అని, "పో," అన్నాడు మళ్లీ.

పోయాను. దారి పొడుగునా ఫోన్ చూసుకుంటూనే పోయాను. నా చిన్నప్పుడు ఈ దారికి రెండు వైపులా ఎర్రమన్ను, ఆముదం చెట్లు, బండలు ఉండేవి. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు కాల్వ వచ్చింది. ఇప్పుడు ఎటు చూసినా దున్ని నీళ్లు పెట్టిన మళ్లు ఎండకు మెరుస్తున్నాయి. అంత నేల తయారుగా ఉంది. మనుషులు మాత్రం అక్కడక్కడ చిన్న చిన్న గుంపులుగా, వంగి కనిపించారు. వీడియో తీసి స్టేటస్ పెట్టుకున్నాను.

అవ్వ అరుగు మీద మంచంలో ఉంది. కాలికి కట్టు, చేతిలో విసనకర్ర. పక్కన చిన్నమ్మ కూర్చుంది. చీర మీద మగవాళ్ల ఫుల్ షర్ట్ తొడుక్కుని, తలకు తువ్వాల చుట్టుకుని, అరవైకి దగ్గర్లో ఉన్న సన్నటి మనిషి. భర్త లేడు. ఒక్కతే కూతురు, పెళ్లి చేసుకుని పుణెలో ఉంటుంది. చిన్నమ్మ నన్ను కింది నుంచి పై దాకా చూసింది.

"గీ పిల్లనేనా మీ ఇంటి మనిషి?"

"గీ పిల్లనే," అంది అవ్వ. ఆ గొంతులో పెద్ద నమ్మకమేం లేదు.

"ఫోన్ యాడ వెట్టుకుంటది మల్ల? రెండు చేతులు గావాలె గదా నాటుకు."

ఇద్దరూ నవ్వారు. నాకు మండింది. మంచినీళ్లు కూడా తాగకముందే నన్ను వెంటబెట్టుకుని చిన్నమ్మ తన నారుమడి చూపించడానికి తీసుకెళ్లింది. మోకాలికి కింద దాకా ఎదిగి ఉంది నారు. కొసలు పసుపెక్కుతున్నాయి.

"మంచిగనే ఉన్నది గదా," అన్నాను.

"నారుకు గూడ ఈడుంటది బిడ్డ. ఈడు దాటినంక నాటితే బతుకుతది గని పిలకలెయ్యది. పిలకలు లేకుంటే వడ్లేడికెల్లి వస్తయి? ఉన్నదే గింత మడి. దీని మీదనే నా ఏడాది తిండి." ఒక మొక్క పీకి వేరు చూసి, మళ్లీ అక్కడే గుచ్చింది. "మా గుంపుల మొన్న దాక మంది బాగనే ఉంటిమి. ఒకామెకు కండ్ల ఆపరేషన్. ఒకామె కోడలు నీళ్లు పోసుకున్నదని పట్నం వొయ్యింది. మీ అవ్వ గిట్ల పడ్డది. ఇంకొక మనిషి తక్కువైతే మునుం సాగది."

మునుం అంటే మడికి అడ్డంగా వరసలో నిలబడి, ఎవరి ముందున్న పట్టీ వాళ్లు నాటుకుంటూ, అందరూ కలిసి వెనక్కి వెనక్కి జరగడం. ఒక్కొక్కరి పట్టీని కూడా మునుమే అంటారు. మనుషులు తగ్గితే ఒక్కొక్కరి పట్టీ వెడల్పవుతుంది, నడుము ఎక్కువ తిరగాలి, సాయంత్రానికి మడి సగంలోనే ఉండిపోతుంది. అదంతా అప్పుడు నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా నేను బురదలో దిగనని. దిగకుండా ఈ పని ఎలా చేయించాలా అని ఆలోచిస్తూ ఊళ్లోకి నడిచాను.

ఊళ్లో బడి మూతపడింది. పిల్లలు లేరు. ఉన్న కొద్దిమందినీ వ్యాను వచ్చి పక్క ఊరికి ఎక్కించుకుపోతుంది. ఆ బడిలో ఇప్పుడు బిహార్ నుంచి వచ్చిన నాటు గుంపు ఉంటోంది. గోడ మీద అక్షరమాల అలాగే ఉంది. దాని కింద బొగ్గు పొయ్యి, తాడు మీద ఆరేసిన లుంగీలు. అంతా నా వయసు వాళ్లే, నాకన్నా చిన్నవాళ్లు. ఊరికొచ్చాక అంతమంది కుర్రవాళ్లను ఒక్కచోట చూడటం అదే మొదలు. వాళ్ల మేస్త్రీతో మాట్లాడాను. చిన్న మళ్లకు రామన్నాడు. నాలుగైదు ఎకరాలు ఒక్కచోట ఉంటేనే గుంపు దిగుతుందట. గొంతు పెంచాను. నా గొంతు చూసి భయపడ్డాడో, విసుగెత్తిందో గానీ ఒక కుర్రాడిని చూపించి, వీడికి నిన్నటి దాకా జ్వరం, ఇవాళ్టి నుంచి చిన్న పని చెయ్యగలడు, తీసుకుపో అన్నాడు.

అయిపోయింది కదా. నాకు ఎంత తేలిగ్గా అనిపించిందంటే, అవ్వకు కూడా చెప్పలేదు. మా ఇంటి తరఫున ఒక మనిషి, రెండు కాళ్లు, రెండు చేతులు.

తెల్లవారి చిన్నమ్మ మడి గట్టు మీదికి ఆ కుర్రాడిని వెంటబెట్టుకుని వెళ్లాను. ముందు రోజే పీకి కట్టలు కట్టిన నారు మడి నిండా విసిరేసి ఉంది. ఆడవాళ్లు అప్పటికే చీరలు మోకాళ్ల పైకి దోపుకుని నిలబడ్డారు. అందరిలో పెద్దామె, పళ్లు సగం ఊడిన పెద్దవ్వ, ఆ గుంపుకు నాయకురాలు. కుర్రాడిని చూసి నొసలు ముడిచింది.

"ఎవడే వీడు?"

"మా అవ్వకు బదులు," అన్నాను.

"మీ అవ్వ ఎప్పుడు గన్నదే వీన్ని? నాకు దెల్వకుంట?"

మడంతా నవ్వింది. కుర్రాడికి భాష తెలియక వాడూ నవ్వాడు. చిన్నమ్మ నన్నొకసారి చూసి, వాడికి వరసలో చోటు చూపించింది. "ఇధర్ ఖడా రహ్. ధీరే ధీరే," అంది. నేను నోరు వెళ్లబెట్టాను. పెళ్లయిన కొత్తలో ముంబైలో రోడ్డు పనికి పోయిందట. పట్నంలో పుట్టి పెరిగిన నా హిందీ కన్నా ఆమె హిందీ నయంగా ఉంది.

కానీ వాడికి ధీరేగా, అంటే మెల్లగా, చెయ్యడం చేతకాదు. ఎకరాల లెక్కన పరుగెత్తి నాటడం నేర్చిన చేతులు. జ్వరం పడి లేచినవాడు కూడా చూస్తుండగానే ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లిపోయాడు. ఆడవాళ్లు ఇంకా మడి మధ్యకు కూడా రాలేదు. వాడు ఖాళీగా నిలబడటం ఇష్టంలేక, పాపం సాయం చేద్దామనే, అవతలి గట్టు నుంచి పెద్దవ్వ పట్టీలో నాటుకుంటూ ఆమెకు ఎదురొచ్చాడు. నేను గట్టు మీద నిలబడి వీడియో తీస్తున్నాను. భలే ఉంది కదా అనుకుంటున్నాను.

పెద్దవ్వ నడుము ఎత్తింది. చేతిలోని నారు పక్కన పడేసింది.

"నా మునుంల చెయ్యి వెడ్తడా వీడు?"

వాడు ఆగిపోయాడు. పెద్దవ్వ గట్టెక్కింది. ఆమె వెనక ఒక్కొక్కరే గట్టెక్కారు. ఒకరి పట్టీలోకి ఇంకొకరు దిగి నాటారంటే, ఆమెకు చేతకావట్లేదని నలుగురి ముందూ చెప్పినట్టేనట. అది నాకూ తెలియదు, వాడికీ తెలియదు.

"పెద్దవ్వా, వాడు సాయం చేస్తుండే," అన్నాను.

"నాకు సాయం గావాలని నిన్ను అడిగిన్నా నేను? ఇను పిల్లా. నువ్వు పైసలిచ్చి మనిషిని తోలిచ్చినవు. రేపు నా మడికి ఇంకొకామె పైసలిచ్చి తోలిస్తది. మరి పైసల్లేని దాని మడికి ఎవలు వస్తరు? నా తాన ఉన్నయి గీ చేతులే. చేతులకు చేతులిస్తేనే నాకు నడుస్తది. పైసలే నడిస్తే నేనెందుకు, నువ్వా పోరగాండ్లనే దింపుకో."

"వాళ్లు చిన్న మడికి రారు కదా!"

"మరి నువ్వు దిగు."

అందరూ కాళ్లు కడుక్కుని వెళ్లిపోయారు. నాకు ఒళ్లంతా మండిపోయింది. ఎవరి మీదో తెలియదు. సాయం చేస్తే తప్పయినందుకు, ముసలాళ్లంతా కలిసి నా మీద ఎక్కినందుకు, గట్టున నిలబడ్డ నా చేతిలో ఫోన్ ఇంకా వీడియో తీస్తూనే ఉన్నందుకు.

మడిలో పీకిన నారు కట్టలు అలాగే ఉన్నాయి. పీకిన నారు ఎక్కువసేపు ఆగదు. చిన్నమ్మ గట్టు మీద సద్ది మూట విప్పి, జొన్నరొట్టె, పచ్చడి తీసి సగం ఆ కుర్రాడి చేతిలో పెట్టింది.

"తేరే ఘర్ మే కిత్నే బచ్చే?" అని వాడింట్లో పిల్లల లెక్క అడిగింది.

వాడు వేళ్లు ముడుస్తూ చెప్పాడు. అన్నలు, అక్కలు, తమ్ముళ్లు, చెల్లెళ్లు. రెండు చేతులూ సరిపోయేటట్టున్నాయి. ఊళ్లో ఇంత మంది ఉన్నారు గానీ పని లేదన్నాడు. పొలం ముక్కలై ఒక్కొక్కరికీ మంచమంత వస్తుందన్నాడు.

"అచ్చం మా లెక్కనే," అంది చిన్నమ్మ నావైపు తిరిగి. "మేము బొంబయి వొయ్యినప్పుడు మా వెంట గిట్లనే ఊరూరంత ఉండె. అక్కడి సేట్లు మమ్ముల జూసి, పాలమూరోళ్లు బాగ పని జేస్తరు అంటుండిరి. ఇప్పుడు ఈ పొల్లగాన్ని మనం అంటున్నం. వీని పిల్లల కాలానికి ఆ ఊర్ల గూడ మనుషులు తక్కువైతే, అప్పుడు ఎవలు ఎవలి తానికి వోతరో."

నా ఫోన్ నిండా మనది యువదేశం అని చెప్పే వీడియోలు తిరుగుతుంటాయి. ప్రపంచమంతా ముసలిదైపోతుంటే మనకే కుర్రాళ్లున్నారని ఒకడు కోటేసుకుని చెబుతుంటాడు. ఉన్నారు. రైలెక్కి వెయ్యి మైళ్లొచ్చి మూతపడ్డ బడిలో పడుకుంటున్నారు. ఆ బడి ఉన్న ఊరి గుంపులో మాత్రం, పుట్టినవాళ్లు పెద్దయి పట్నం పోగా, పుట్టాల్సినవాళ్లు పుట్టక, మోకాళ్ల నొప్పుల వాళ్లు మిగిలారు. దేశం లెక్కలో ఈ రెండూ కలిపేస్తే బాగానే కనపడుతుంది. చిన్నమ్మ మడిలో బాగాలేదు.

ఇంటికెళ్లి అవ్వ మీద అరిచాను. ఇదేం ఊరు, ఇదేం పంతం, నేను రేపే పోతున్నా అన్నాను. అవ్వ చివరి దాకా విన్నది.

"అయిందా?"

"అయింది!"

"నేను గా పెద్దామె మడిలకు ఎన్ని ఏండ్ల సంది దిగుతున్ననో నీకు దెల్వదు. మేం పుణె వోకముందు, వానలు వడ్డ ఏడు, మీ బాపు కడుపుల ఉన్నప్పుడు నా మునుం ఆమెనే నాటింది. నన్ను గట్టు మీద కూసుండవెట్టి, రెండు పట్టీలు ఒక్కతే నాటింది. ఆ ముచ్చట ఎన్నడు నోటికెల్లి అనలే. అసొంటి గుంపు ఇయ్యాల గట్టెక్కింది, నా పేరు మీద. ఇంకో ఏడాది వాళ్లు దిగుతరో దిగరో గని, నావల్ల మాత్రం ఆగొద్దు బిడ్డా." అని కాలు సర్దుకుని మూలిగింది. "చిన్నమ్మ పీకిన నారు ఎండిపోతాంది. సాయంత్రం చిన్నమ్మ ఎంబడి పొయి పిలువు. నువ్వు దిగుత అని నీ నోటితోని చెప్పు."

సాయంత్రం ఇల్లిల్లూ తిరిగాం. చిన్నమ్మ ముందు, నేను వెనక. పెద్దవ్వ గుమ్మంలోనే కూర్చుని మోకాళ్లకు నూనె రాసుకుంటోంది.

"ఈ పట్నం పిల్ల దిగితే మేం దిగుతం," అంది. "అది ముందుగాల దిగాలె. మేం గట్టు మీద నిలవడి జూస్తం."

"వీడియో తీసుకుంటరా?" అన్నాను.

"మాకు రాదే. లేకుంటే తీస్తుంటిమి."

మర్నాడు దిగాను. చిన్నమ్మ తన పాత షర్ట్ ఇచ్చింది. ఫోన్‌ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి నడుముకు కట్టుకున్నాను. అది చూసి వాళ్లు ఎంతసేపు నవ్వారంటే పని మొదలవడానికే ఆలస్యమైంది. బురద పిక్కల దాకా పట్టుకుంది. కాలు తీస్తే చెప్పు ఊడినట్టు చప్పుడు. నాలుగు మొక్కలు గుచ్చి వెనక్కి అడుగేస్తే ఆ నాలుగూ తేలి నీళ్ల మీదికొచ్చాయి.

"గుచ్చుడు గాదే, వేలుతోని నేలకు అప్పజెప్పాలె," అని పక్కనుంచి చిన్నమ్మ.

"గట్టిగ ఒత్తకు, అదేమన్న ఫోన్ బటనా?" అని అవతల నుంచి పెద్దవ్వ.

నడుము కాసేపటికే ఇక నాది కాదన్నట్టయిపోయింది. తిరిగి చూస్తే నా పట్టీ ఒక్కటే వెనకబడి, వరస మధ్యలో పెద్ద ఖాళీ. అందరూ నన్ను వదిలి వెళ్లిపోతారనుకున్నాను. వెళ్లలేదు. పెద్దవ్వ చెయ్యి నెమ్మదించింది. ఆమెను చూసి పక్కామె నెమ్మదించింది. కళ్లు సరిగా ఆననివాళ్లు, మోకాళ్లు అరిగినవాళ్లు, వాళ్లందరిలో వయసున్న ఒక్క పిల్ల కోసం ఆగి ఆగి నాటారు. నా పట్టీలో ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఎవరూ సాయం చేస్తామనలేదు. నేను వాళ్లను అందుకునే దాకా ఏవో ముచ్చట్లు చెప్పుకున్నారు. ఎక్కువగా నా పెళ్లి గురించి.

"ఎంతమందిని గంటవే?"

"ఒక్కర్ని కూడ కనను."

"మరి నీకు బదులు ఎవలు దిగుతరు?"

"మిషన్ దిగుతది, పెద్దవ్వా."

"మిషన్ మా మూలమడిల తిరుగదు. అది తిరిగేటంత మడి ఉంటే నేనెందుకు బురదల ఉంట?" అని, మళ్లీ తనే, "మా బిడ్డలకు, కోడండ్లకు గూడ అప్పట్ల డాక్టరమ్మ ఒక్కరో ఇద్దరో చాలన్నది. మంచిగనే చెప్పింది. ఉన్న పిల్లలకు తిండి దొరికింది, సదువు దొరికింది. మా లెక్క ఎవలు ఇటుకలు మొయ్యలే," అంది. అందరూ ఊ కొట్టారు. ఆ మాటలో బాధేం లేదు. నిజంగానే సంతోషం ఉంది. దాని వెనకే, చేతిలో కట్ట అయిపోయి, కొత్త కట్ట అందించేవాళ్లు లేక, ఆమె తనే బురదలో ఈడ్చుకుంటూ వెళ్లి తెచ్చుకుంది.

సాయంత్రానికి మడి కాలేదు. తర్వాతి రోజు గుంపులో ఒకామెకు బీపీ పెరిగి రాలేకపోయింది. అవ్వ తరఫు బదులు తీరిపోయింది, నేను బస్సెక్కొచ్చు. చిన్నమ్మ రమ్మని అడగలేదు. పొద్దున్నే గట్టు మీద ఒక్కతే నిలబడి నారు కట్టలు తిరగేస్తోంది. నాకు మళ్లీ కోపం వచ్చింది. ఒక్క మాట నోరు తెరిచి అడిగితే ఏం పోయింది అని గొణుక్కుంటూ షర్ట్ వేసుకుని దిగాను. ఆ రోజు ఒక మూల తప్ప మడంతా పచ్చబడింది. ఆ మూలకు నారు చాలలేదు, నారుమడిలో మిగిలింది బాగా ముదిరిపోయింది. దాన్ని కోసి బర్రెకు వేసింది చిన్నమ్మ.

పట్నం వచ్చాక ఇంకో ఉద్యోగం దొరికింది. ఇంకో యాప్, అవే తిట్లు. మొదటి నెలలు సెలవు అడిగితే తీసేస్తారు. దీపావళి దాటాక అమ్మకు కడుపులో రాళ్లని, వెంటనే ఆపరేషన్ చెయ్యాలని అన్నారు. ఆడవాళ్ల వార్డు. మగవాళ్లను రాత్రిళ్లు ఉండనివ్వరు, పగలు కూడా కాసేపే. ఒక ఆడమనిషి ఉండాల్సిందే అంది నర్సు. బాపు, నేను వరండాలో నిలబడి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మేనత్తలకు ఫోన్ చేశాను. ఒకామె మనవణ్ని చూసుకుంటోంది, ఒకామె తన అత్తను చూసుకుంటోంది. ఎవరినీ తిట్టడానికి లేదు. ఉద్యోగం వదిలేద్దాం అనుకున్నాను. ఈసారి కోపం లేదు, ఏడుపొచ్చింది. నా జీతం మీదే ఇంటి కిరాయి నడుస్తోంది.

ఆపరేషన్ రోజు పొద్దున వార్డుకు వచ్చేసరికి అమ్మ మంచం పక్కన స్టూలు మీద చిన్నమ్మ కూర్చుని ఉంది. కాళ్ల దగ్గర ఒక సంచి. తలకు అదే తువ్వాల.

"చిన్నమ్మా? ఎప్పుడొచ్చినవ్? ఎట్లొచ్చినవ్?"

"బస్సుల వచ్చిన. దవాఖాన యాడ అని అడుక్కుంట వచ్చిన. మీ అవ్వ చెప్పింది."

"ఎందుకొచ్చినవ్, పొలం?"

"కోసినం. ఖాళీనే." ఆమె నా వైపు విసుగ్గా చూసింది. "నువ్వు రెండో పొద్దు ఎవల కోసం దిగినవే? మీ అవ్వది ముందురోజే తీరె. రెండో పొద్దుది నేను నీకు బాకీ పడ్డ. నీకు మడి లేకపాయె. మరి యాడ తీర్చాలె? నువ్వు పనికి వో. గీ డ్యూటీ నాది."

నేను పనికి వెళ్లాను. కస్టమర్లు తిడుతుంటే జవాబులు కొడుతూ మధ్యమధ్యలో అమ్మ ఫోన్‌కి చేసేదాన్ని. చిన్నమ్మ ఎత్తేది. "ఇడ్లి తిన్నది, పండుకున్నది. నువ్వు ఊకె చెయ్యకు, దాని నిద్ర పాడైతాంది." సాయంత్రం వెళ్లి చూస్తే పక్క మంచం ముసలామెకు కూడా నీళ్లు తాగిస్తోంది. ఆమె కొడుకు వార్డు బయట గేటు దగ్గర నిలబడి లోపలికి రాలేక చూస్తున్నాడు. ఆ వార్డులో ప్రతి మంచానికీ ఒక ఆడమనిషి తక్కువే. చిన్నమ్మ ఒక్కతే మంచం నుంచి మంచానికి తిరుగుతోంది.

అమ్మను ఇంటికి తెచ్చుకున్నాం. ఆ రాత్రి భోజనాలయ్యాక చిన్నమ్మకు ఫోన్‌లో మర్నాటి బస్సు టికెట్ చూస్తున్నాను.

"రేపు వోను," అంది చిన్నమ్మ.

"ఎందుకు? తీరిపోయింది కదా, చాన ఎక్కువనే తీర్చినవు."

"గదే. నువ్వు దిగింది ఒక్క పొద్దు. నేను ఇక్కడ ఎన్ని పొద్దులుంటె అన్ని నువ్వు నాకు పడ్తవు. ఇంకా రెండు మూడు దినాలు ఉంట. మీ అమ్మ జర లేసి తిరిగె దాక."

అర్థం కావడానికి నాకు క్షణం పట్టింది.

"చిన్నమ్మా! ఇది మోసం!"

"మోసమేంది? రెండో పంటకు, యాసంగి నాట్లకు మనిషి గావాలె. పెద్దవ్వకు మోకాళ్లు ఇగ వంగయి. మీ అవ్వ గట్టు మీద కూసుండి కట్టలు అందిస్తనన్నది. నారు పోసినంక దేవులాడితే ఎవలు దొరుకుతరు? ముందుగాలే పట్టి పెట్టుకోవాలె."

"నాకు ఉద్యోగం ఉంది! సెలవు ఇయ్యరు!"

"ఆదివారం ఇస్తరా?"

అమ్మ కుట్ల మీద చెయ్యి అదుముకుని నవ్వుతోంది, నవ్వుతూనే నొప్పికి మూలుగుతోంది. బాపు తలుపు దగ్గర యూనిఫాం గుండీలు పెట్టుకుంటూ, "ఆదివారం ఇస్తరు," అన్నాడు.

"బాపూ, నువ్వు మధ్యల మాట్లాడకు!"

చాలాసేపు అరిచాను. నన్ను అడగకుండా నన్ను ఎలా రాసిపెట్టుకుంటారు అన్నాను. ఈ కాలంలో కూడా ఇదేంటి అన్నాను. చిన్నమ్మ గోడకానుకుని, అమ్మకు వెయ్యాల్సిన మాత్ర రేకులోంచి తీసి, నేను అలిసిపోయే దాకా ఆగింది. తర్వాత నీళ్ల గ్లాసు నా చేతికిచ్చి, అమ్మకు అందించమని కళ్లతో సైగ చేసింది.

అమ్మ మాత్ర మింగింది. నేను ఫోన్‌లో బస్సు టికెట్ల పేజీ మూసి, క్యాలెండర్ తెరిచాను.

"నారు ఎప్పుడు వోస్తున్నరు?" అని అడిగాను.